ఏడు రోజుల సస్పెన్షన్: విజయనగరంలోని ఒక ప్రైవేటు హైస్కూలు క్రమశిక్షణ విధానంపై ఒక తల్లి సమీక్ష

ఇది విజయనగరం పట్టణంలో ఉన్న ఒక ప్రైవేటు హైస్కూలు గురించి రాస్తున్న సమీక్ష. మా అబ్బాయి అయిదో తరగతి నుంచి అక్కడే చదువుతున్నాడు, ఈ ఏడాది ఎనిమిదో తరగతి. వాడు ఇప్పటికీ ఆ స్కూల్లోనే ఉన్నాడు, పైగా ఈ సంగతిలో ఇంకో ఇంటి పిల్లవాడు కూడా ఉన్నాడు. అందుకని స్కూలు పేరు రాయడం లేదు. పేరు లేని సమీక్ష ఎవరికి పనికొస్తుందని మీరు అడగవచ్చు. నేను చెప్పబోయే పద్ధతి ఈ ఒక్క చోటే లేదని, మా చుట్టుపక్కల పిల్లలు చదివే మరికొన్ని స్కూళ్ల డైరీల్లోనూ దాదాపు ఇవే నియమాలు అచ్చయి ఉన్నాయని ఇతర తల్లులతో మాట్లాడాక తెలిసింది. పిల్లలను కొత్తగా చేర్పించబోయేవారు ఫీజు ఎంత, బస్సు ఎక్కడ ఆగుతుంది, పదో తరగతి ఫలితాలు ఎలా ఉన్నాయి అని అడిగినట్టే, పిల్లవాడు తప్పు చేస్తే మీరు ఏం చేస్తారని కూడా అడగాలన్నది నా ఉద్దేశం. నేను నాలుగేళ్ల క్రితం అది అడగలేదు.

చదువు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. లెక్కలు, సైన్సు బాగా చెబుతారు. ఇంగ్లీషు మీడియమే అయినా తెలుగును చిన్నచూపు చూడరు. పద్యం కంఠతా పట్టించి, అర్థం కూడా చెప్పిస్తారు. బస్సు వేళకు వస్తుంది, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, ఫీజు మూడు వాయిదాల్లో కట్టవచ్చు, ఏడాది మధ్యలో కొత్త పేర్లతో వసూళ్లు ఉండవు. ఆటలకు వారానికి రెండు పీరియడ్లు మాత్రమే ఇవ్వడం ఒక లోటు. ఇవన్నీ కలిపి చూస్తే మా తాహతుకు తగిన మంచి స్కూలే దొరికిందని మొన్నటి నవంబరు వరకు అనుకుంటూ ఉన్నాను.

నవంబరు రెండో వారంలో ఒక రోజు భోజనాల విరామంలో మా అబ్బాయి తన తరగతి పిల్లవాడిని గట్టిగా తోశాడు. ఆ అబ్బాయి తూలి పక్క బెంచీ మీద పడ్డాడు. బెంచీ అంచు తగిలి కింది పెదవి చిట్లి, రెండు కుట్లు పడ్డాయి. మావాడు చేసింది తప్పు. ఆ తప్పును తేలిక చేయడానికి ఇది రాయడం లేదు. పంటికో కంటికో తగిలి ఉంటే ఏమయ్యేదోనన్న భయం నాకు ఈనాటికీ పోలేదు.

నేను పట్టణంలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పని చేస్తాను. మావారు రోజూ ఉదయం రైలులో విశాఖపట్నం వెళ్లి రాత్రి ఎనిమిదింటికి వస్తారు. మధ్యాహ్నం రెండున్నరకు స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. చేతిలో ఉన్న పని తోటి ఉద్యోగికి అప్పగించి వెళ్లేసరికి మూడు దాటింది. ఆఫీసు గదిలో ఇన్‌ఛార్జ్, క్లాస్ టీచర్, పీఈటీ, గుమస్తా, దెబ్బ తగిలిన అబ్బాయి బాబాయి ఉన్నారు. మావాడు బీరువా పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పటికే నిర్ణయం అయిపోయింది. ఇన్‌ఛార్జ్ నాతో, "ఎందుకు కొట్టావని అయిదుసార్లు అడిగాం మేడమ్, నోరు విప్పలేదు. చేసింది చేసి ఇంత మొండితనం పనికిరాదు" అన్నారు.

మావాడికి నత్తి ఉంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు పెద్దగా తెలియదు. నలుగురు పెద్దవాళ్లు చుట్టూ నిలబడి, జవాబు కోసం వాడి నోటివైపే చూస్తూ ఉంటే మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేస్తుంది, పెదవులు కదులుతాయి గాని మాట రాదు. ఈ సంగతి స్కూలుకు కొత్త కాదు. అయిదో తరగతి దరఖాస్తులో రాశాం. ఆగస్టులో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, తరగతిలో కొందరు వాడిని "నత్తోడా" అని పిలుస్తున్నారని, వాడు రాత్రిపూట ఆ మాట చెప్పి బాధపడుతున్నాడని నేనే క్లాస్ టీచర్‌తో చెప్పాను. ఆమె చూస్తానన్నారు. ఆ రోజు ఆఫీసు గదిలో ఆమె కూడా ఉన్నారు. వాడి మౌనాన్ని ఇన్‌ఛార్జ్ మొండితనం అన్నప్పుడు, అది మొండితనం కాదని చెప్పగలిగింది ఆ గదిలో అంతవరకు ఆమె ఒక్కరే. చెప్పలేదు.

ఆ తర్వాత గుమస్తా నా ముందు ఒక కాగితం పెట్టారు. పేరు, తరగతి, తేదీ రాయడానికి ఖాళీలు వదిలి ముందే అచ్చు వేయించి పెట్టుకున్న హామీ పత్రం అది. జిరాక్స్ మీద జిరాక్స్ తీయడంతో అక్షరాలు కొంత మసకబారి ఉన్నాయి. చివరి వాక్యం ఇలా ఉంది: "మా అబ్బాయి/అమ్మాయి మళ్లీ ఇటువంటి తప్పు చేసినచో టీసీ ఇచ్చి పంపించినా మాకు ఎటువంటి అభ్యంతరము లేదు." ఇంటికి తీసుకువెళ్లి చదువుకుని సంతకం చేస్తానన్నాను. అది వారికి నచ్చలేదు గాని కాదనలేదు. శిక్ష ఎన్ని రోజులో, ఎందుకో రాతపూర్వకంగా ఇవ్వమంటే మెసేజ్ పెడతామన్నారు. ఆ సాయంత్రం వాట్సాప్‌లో, క్రమశిక్షణ ఉల్లంఘించిన కారణంగా మీ అబ్బాయిని ఏడు పని దినాలు సస్పెండ్ చేయడమైనదని ఒక్క వాక్యం వచ్చింది. ఏ నియమం ఉల్లంఘించాడో, నిర్ణయం ఎవరిదో, ఆ వారం పాఠాల సంగతి ఏమిటో, అదే వారంలో ఉన్న స్లిప్ టెస్టు ఏమవుతుందో అందులో లేదు.

ఆ రాత్రి నేను చేసిన మొదటి పని, మావాడికి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చి జరిగింది రాయమనడం. నలభై నిమిషాలు రాశాడు. కాగితం రెండువైపులా నిండింది. ఆ రోజు తెలుగు పీరియడ్‌లో వాడిని పాఠం పైకి చదవమన్నప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోయాడట. ఆ అబ్బాయి ఆ మాటను నత్తిగా అనుకరిస్తూ భోజనాల వరకు అందరినీ నవ్వించాడట. అన్నం డబ్బా మూత తీసేటప్పుడు మళ్లీ అన్నాడట. అప్పుడు తోశాను, తోసినందుకు తప్పు నాదే, రక్తం చూసి భయం వేసింది, సార్ అడిగితే చెబుదామనుకున్నాను గాని రాలేదు అని రాశాడు. ఆ గదిలో ఎవరైనా వాడి చేతికి ఒక పెన్ను ఇచ్చి ఉంటే ఇదంతా ఆ మధ్యాహ్నమే తెలిసేది.

ఈ సంఘటన తర్వాతే నేను విద్యాహక్కు చట్టాన్ని తెరిచి చదివాను. 2009లో పార్లమెంటు ఆమోదించిన ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు, అంటే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఉన్న ప్రాథమిక విద్యకు వర్తిస్తుంది. అందులోని 16వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక విద్య పూర్తయ్యేవరకు ఏ బాలుడినీ, ఏ బాలికనూ స్కూలు నుంచి బహిష్కరించకూడదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి, అయిదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవారిని అదే తరగతిలో ఉంచే వీలును ప్రభుత్వాలకు ఇచ్చారు గాని, బహిష్కరణపై నిషేధాన్ని మాత్రం అలాగే ఉంచారు. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మా స్కూలు ఆ కోవలోనిది కాదు. కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లవాడి తల్లి చేత, టీసీ ఇచ్చి పంపినా అభ్యంతరం లేదని ముందుగానే సంతకం చేయించుకోవడం చట్టం వద్దన్న పనికి తల్లి చేతనే ఒప్పుకోలు రాయించడం అవుతుంది. 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. కొట్టకూడదన్న సంగతి అన్ని స్కూళ్లకూ తెలుసు. రెండో మాటను పట్టించుకున్నట్టు నాకు కనిపించలేదు.

మరి కొద్ది రోజుల సస్పెన్షన్ మాటేమిటని వెతికితే, దానికి ఎలాంటి పద్ధతి పాటించాలో ఆ చట్టం చెప్పలేదు. ఆ ఖాళీలోనే మన స్కూళ్లు ఎవరి ఇష్టం వచ్చిన నియమం వారు రాసుకుంటున్నాయి. మా తాతల కాలంలో వీధిబడిలో కోదండం వేసేవారని, అంటే పిల్లవాడిని తాడు పట్టించి దూలానికి వేలాడదీసేవారని విన్నాం. మా కాలంలో గోడకుర్చీ, గుంజీలు, వేళ్ల కణుపుల మీద బెత్తం దెబ్బలు ఉండేవి. మన రాష్ట్రంలో 2002లోనే విద్యా నియమాలను సవరించి స్కూళ్లలో కొట్టడాన్ని నిషేధించారు. ఆ దెబ్బలు మళ్లీ రావాలని నేను ఎంతమాత్రం కోరను. ఆ బెత్తం వల్ల చదువు మానేసినవారు మా బంధువుల్లోనే ఉన్నారు. కానీ బెత్తం పక్కన పెట్టాక దాని చోట ఏం చేయాలో మా స్కూల్లో ఎవరూ కూర్చుని ఆలోచించినట్టు లేదు. పిల్లవాడిని ఇంటికి పంపేస్తే ఆ వారానికి తరగతి గది ప్రశాంతంగా ఉంటుంది, ఇటు దెబ్బ తిన్న పిల్లవాడి ఇంటివారికి ఏదో చేశామని చూపించవచ్చు. అందుకే అది అంత సులువుగా చేతికి దొరుకుతున్నదని నేను అనుకుంటున్నాను.

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉంటాడు. అన్నయ్యతో ఫోన్లో ఈ సంగతి చెప్పినప్పుడు, అక్కడి పిల్లలతోనే మొదలైన ఒక పాత కేసు గురించి చెప్పాడు. కొలంబస్ నగరంలో కొందరు విద్యార్థులను ముందుగా వారి మాట వినకుండా పది రోజుల వరకు సస్పెండ్ చేశారు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. గాస్ వర్సెస్ లోపెజ్ అనే ఆ కేసులో 1975లో, అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు ఉండగా తీర్పు వచ్చింది. పది రోజుల లోపు సస్పెన్షన్ అయినా సరే, పిల్లవాడి మీద ఉన్న ఆరోపణ ఏమిటో వాడికి చెప్పాలి, కాదంటే దేని ఆధారంగా అంటున్నారో వివరించాలి, తన వైపు కథ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి అన్నది దాని సారాంశం. అది ప్రభుత్వ స్కూళ్లకు సంబంధించిన వేరే దేశపు తీర్పు, మన స్కూళ్లకు వర్తించదు. అయినా దాన్ని ప్రస్తావించడానికి కారణం, అందులో కోరినది ఎంత కొద్దిపాటి మర్యాదో చూపించడానికి. దానికి వకీలు అక్కరలేదు, ప్రత్యేక కమిటీ అక్కరలేదు, మా ఇన్‌ఛార్జ్ గారికి పది నిమిషాల పని.

ఇక ఆ రోజులు ఇంట్లో ఎలా గడిచాయో చెబుతాను, ఎందుకంటే సస్పెన్షన్ వేసినవారికి ఇది కనబడదు. మేము తోటపాలెంలో ఉంటాం. స్కూలు బస్సు మా వీధి మలుపులో ఎనిమిదీ నలభైకి ఆగుతుంది. మొదటి రోజు నేను సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఎనిమిదిన్నర కాగానే మావాడు స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినిపించాక గాని బయటకు రాలేదు. కిటికీలోంచి ఎవరైనా చూస్తారని భయమట. రెండో రోజూ అంతే. ఎదురింటి పెద్దావిడ గుమ్మంలో నిలబడి "పిల్లోడికి ఒంట్లో బాగోలేదేటమ్మా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే వాడు జ్వరమని చెప్పాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని పిల్లవాడు. ఆ మాట మాత్రం తడబడకుండా చెప్పాడు. ఆవిడ వెళ్లిపోయాక నాకు తల కొట్టేసినట్టయింది.

మూడో రోజు నాకు సెలవు దొరకలేదు. పదమూడేళ్ల పిల్లవాడిని, కోపంతోనో సిగ్గుతోనో కుమిలిపోతున్నవాడిని, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు ఒంటరిగా ఇంట్లో వదిలి వెళ్లాను. నాకు రెండు రోజుల జీతం పోయినా సర్దుకోగలను. ఇదే స్కూల్లో తాపీ పనివారి పిల్లలు, ఆటో నడిపేవారి పిల్లలు, భర్త దూరదేశంలో ఉండి ఒంటరిగా సంసారం లాక్కొస్తున్న తల్లుల పిల్లలు చదువుతున్నారు. వారిలో ఒకరికి ఏడు రోజుల సస్పెన్షన్ వేస్తే ఆ పిల్లవాడు ఏ నీడన, ఎవరి మధ్య ఆ ఏడు రోజులు గడుపుతాడో స్కూలు ఒక్కసారైనా ఊహించుకోవాలి. ఇంట్లో చూసేవారు లేని పిల్లవాడికి బడే కాపలా. తప్పు చేసిన వారంలోనే ఆ కాపలా తీసేస్తున్నారు.

చదువు నష్టం సంగతి లెక్కల పుస్తకంలో కనిపించింది. భాగహార పద్ధతిలో వర్గమూలం కనుక్కోవడం ఆ వారంలోనే చెప్పారు. పక్క వీధి స్నేహితుడి నోటుపుస్తకం తెచ్చుకుని మావాడు సొంతంగా ప్రయత్నించాడు. 15129కి వర్గమూలం కనుక్కోవాలి. అంకెలను కుడివైపు నుంచి జతలు చేసుకుంటూ రావాలి. ఒకటి, యాభై ఒకటి, ఇరవై తొమ్మిది అని విడదీయాలి. మావాడు ఎడమవైపు నుంచి మొదలుపెట్టి పదిహేను, పన్నెండు, తొమ్మిది అని విడదీశాడు. ఎన్నిసార్లు చేసినా శేషం మిగులుతూనే ఉంది. నేను రాత్రి ఇంటికి వచ్చేసరికి రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిల్లు పడింది. తరగతిలో ఉండి ఉంటే మాస్టారు ఒక్క నిమిషంలో సరిదిద్దే పొరపాటు అది. ఆ రాత్రి లెక్కల మాస్టారికి ఫోన్ చేస్తే విసుక్కోకుండా వాడితో మాట్లాడి, జతలు ఎటునుంచి కట్టాలో చెప్పి, మర్నాటి నుంచి బోర్డు మీద రాసినవి ఫోటో తీసి పంపారు. స్కూలు చెప్పి చేయించిన పని కాదు అది, ఆయన మంచితనం. ఈ సమీక్షలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఆయన్నే.

రెండో రోజు సాయంత్రం మావాడిని వెంటబెట్టుకుని ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాను. నిజానికి ఇద్దరూ స్నేహితులే. ఆ ఏడాది పైడితల్లి అమ్మవారి పండుగకు ఇద్దరూ కలిసే వెళ్లారు. సిరిమాను చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరిగినంతసేపూ ఒకే అరుగు మీద నిలబడి చూశారు. పెదవి మీద దూది అంటించుకుని ఆ అబ్బాయి గుమ్మం దాకా వచ్చాడు. మావాడు మాట కోసం చాలాసేపు ఇబ్బంది పడి "సారీరా" అన్నాడు. ఆ అబ్బాయి నవ్వలేదు, ఆగాడు, మాట పూర్తయ్యేవరకు ఆగాడు. వాళ్లమ్మ లోపలికి పిలిచి మంచినీళ్లు ఇచ్చి, "దెబ్బ సంగతి సరేనండి, మావాడు అన్న మాటలు కూడా తక్కువవేం కాదు, నాకు ఇవాళే తెలిసింది" అన్నారు. వైద్యానికి అయిన ఖర్చు ఇస్తానంటే తీసుకోలేదు. రెండు ఇళ్ల మధ్య అరగంటలో జరిగిన ఈ పనిని తన ఆవరణలో జరిపించవలసిన బాధ్యత స్కూలుదే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మూడో రోజు ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాసి, మావాడు రాసిన కాగితం నకలు దానికి జతచేసి ఇచ్చాను. వాడిని శిక్షించవద్దని ఉత్తరంలో అడగలేదు. శిక్ష ఎందుకో, ఎన్నాళ్లో, ఎవరు నిర్ణయించారో రాతలో ఇవ్వాలని, ఆ రోజుల పాఠాలు, పరీక్ష ఎలా సర్దుబాటు చేస్తారో చెప్పాలని, ఆగస్టులో నేను చేసిన ఫిర్యాదు మీద ఏం చేశారో తెలపాలని అడిగాను. నాలుగో రోజు పిలిచారు. కరస్పాండెంట్ కూడా కూర్చున్నారు. మొదట కొంత వేడిగానే మాట్లాడారు. ఒక్కొక్కరికి ఇలా వివరాలు ఇస్తూ కూర్చుంటే స్కూలు నడపలేమని, మిగతా తల్లిదండ్రులకు జవాబు చెప్పుకోవాలని అన్నారు. ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. తరగతికి నలభై మందికి పైగా పిల్లలున్న చోట ఒకడు ఇంకొకడిని రక్తం వచ్చేలా తోస్తే ఊరుకోలేరు. హామీ పత్రంలో టీసీ గురించిన వాక్యాన్ని పెన్నుతో కొట్టివేసి, పక్కన చిన్న సంతకం చేసి, మిగతాదంతా ఒప్పుకుంటూ సంతకం చేసి ఇచ్చాను. 16వ సెక్షన్ ముద్రించిన పేజీని కూడా బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు.

ప్రిన్సిపాల్ మాత్రం మావాడు రాసిన కాగితం చివరివరకు చదివి, క్లాస్ టీచర్‌ను పిలిపించి, ఆగస్టు సంగతి నిజమేనా అని అడిగారు. ఆమె నిజమేనని ఒప్పుకుని, అర్ధసంవత్సర పరీక్షల పనిలో పడి మరిచిపోయానని చెప్పారు. ఆ ఒప్పుకోలుకు ధైర్యం కావాలి, అందుకు ఆమెను గౌరవిస్తాను. సస్పెన్షన్‌ను నాలుగు రోజులతో ముగించారు. మిగిలిన మూడు రోజులు మధ్యాహ్నం విరామంలో ఇద్దరు పిల్లలూ లైబ్రరీలో పీఈటీ మాస్టారి దగ్గర కూర్చోవాలన్నారు. తప్పిన స్లిప్ టెస్టు తిరిగి పెట్టారు. తరగతిలో పైకి చదివే పనికి మావాడిని ముందురోజే చెప్పి సిద్ధం కమ్మంటున్నారు. ఇంకో మార్పు కూడా జరిగింది: గొడవ జరిగితే ఇద్దరు పిల్లల చేతా విడివిడిగా రాయించుకునే కాగితం ఒకటి ఆఫీసులో ఇప్పుడు ఉంది. డిసెంబరులో తొమ్మిదో తరగతి పిల్లల మధ్య ఏదో తగువు వస్తే దాన్ని వాడారని విన్నాను. హామీ పత్రం మాత్రం ఇంకా పాతదే ఇస్తున్నారు, టీసీ వాక్యంతో సహా.

మా చెల్లెలి కూతురు శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదువుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ మాటలు జరుగుతుంటే, వాళ్ల స్కూల్లో ఇద్దరు మగపిల్లలు చొక్కాలు చిరిగేలా కొట్టుకున్న సంగతి చెప్పింది. హెడ్మాస్టరు ఇద్దరినీ ముందు వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, కోపం తగ్గాక ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారట. ఇద్దరి తండ్రులనూ ఒకే రోజు పిలిపించారట. తర్వాత వారం పాటు రోజూ ఆఖరి పీరియడ్‌లో ఆ ఇద్దరూ కలిసి లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేశారట. ఒకడు కాగితం మడత పెడితే ఇంకొకడు జిగురు రాయాలి. ఒక్క రోజు కూడా బడి మానిపించలేదు. ఫీజు లేని బడిలో జరిగిన పని ఇది. మూడు వాయిదాల్లో ఫీజు కడుతున్న నేను ఇంతకంటే తక్కువ ఎందుకు ఆశించాలి?

కొన్ని సందర్భాల్లో పిల్లవాడిని కొన్నాళ్లు దూరంగా ఉంచక తప్పదని నేనూ ఒప్పుకుంటాను. బ్లేడో కత్తో తెచ్చినప్పుడు, ఆడపిల్లను వేధించినప్పుడు, దెబ్బ తిన్న పిల్లవాడు అవతలివాడిని చూసి వణికిపోతున్నప్పుడు ముందు రక్షణ చూడాలి. అప్పుడైనా ఆ రోజులకు పాఠాలు పంపాలి, ఎవరో ఒక ఉపాధ్యాయుడు ఇంటికి ఫోన్ చేసి పిల్లవాడితో మాట్లాడాలి, తిరిగి వచ్చిన రోజు తరగతిలో ఎలా కలుపుకోవాలో ముందే అనుకోవాలి. మావాడు తిరిగి వెళ్లిన రోజు ఆ చివరిది జరగలేదు. హాజరు పిలుస్తుంటే వెనక బెంచీ నుంచి ఎవరో "రిటర్న్" అన్నారట, తరగతంతా నవ్విందట. వాడి పక్కన కూర్చుని నవ్వకుండా ఉన్నది ఆ పెదవి చిట్లిన అబ్బాయే.

స్కూలు చూడటానికి వెళ్లేవారికి నా సలహా. డైరీ అడిగి తీసుకుని నియమాల పేజీ అక్కడే చదవండి. "యాజమాన్యం నిర్ణయమే తుది నిర్ణయం" అని మాత్రమే ఉంటే, ఆ నిర్ణయానికి ముందు పిల్లవాడి మాట ఎవరు వింటారో, ఎలా వింటారో అడగండి. మీ పిల్లవాడికి మాటలోనో వినికిడిలోనో ఇబ్బంది ఉంటే, అలాంటి పిల్లవాడిని ప్రశ్నించవలసి వస్తే మీరు వచ్చేవరకు ఆగుతారా, రాసి చెప్పనిస్తారా అని అడిగి, ఆ జవాబును దరఖాస్తు మీదే రాయించుకోండి. మేము సమస్య రాశాం గాని ఇది రాయించుకోలేదు. సంతకం పెట్టమన్న ఏ కాగితమైనా ఇంటికి తెచ్చుకుని చదవండి. మాటలతో తేలకపోతే మండల విద్యాశాఖాధికారికి, ఆపైన జిల్లా విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు ఇచ్చిన ఫిర్యాదును వీలైనంత వరకు మూడు నెలల్లో తేల్చాలి, అక్కడ న్యాయం జరగలేదనుకుంటే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లవచ్చు. పిల్లవాడు ప్రమాదంలో ఉన్నాడనిపిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు. మాకు అంతవరకు వెళ్లవలసిన అవసరం రాలేదు.

అయిదుకు ఎన్ని ఇస్తావంటే, చదువుకు నాలుగు, సదుపాయాలకు నాలుగు, క్రమశిక్షణ విధానానికి రెండు ఇస్తాను. నవంబరులోనే రాసి ఉంటే ఆ చివరిదానికి ఒకటి కూడా ఇచ్చేదాన్ని కాదు. రెండోది పిల్లల చేత రాయించుకుంటున్న ఆ కొత్త కాగితానికి.

వచ్చే జూన్‌లో మావాడు తొమ్మిదో తరగతికి వెళతాడు. ఎనిమిది దాటితే 16వ సెక్షన్ రక్షణ వాడికి ఉండదు. అందుకని తొమ్మిది, పది తరగతుల్లో కూడా పిల్లవాడి మాట రాతలో తీసుకోకుండా, తల్లిదండ్రులకు కారణం రాతలో ఇవ్వకుండా సస్పెన్షన్ గాని టీసీ గాని ఉండదని స్కూలు లెటర్‌హెడ్ మీద రాసివ్వమని ఫిబ్రవరి మొదట్లో ప్రిన్సిపాల్‌ను అడిగాను. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి చెబుతామన్నారు. పై తరగతి ఫీజులో మొదటి వాయిదాకు గడువు ఏప్రిల్ నెలాఖరు. ఆ కాగితం చేతికి వచ్చాకే కడతాను.